చమురు తిన్న వేళ్లు

కాశీబుగ్గలో వానలు మొదలయ్యే వేళకి
కొత్త చట్టం మా జీడి ఫ్యాక్టరీ దాకా వచ్చింది.
కాగితాల్లేని బయటి మనుషులకి
పని ఇవ్వకూడదట, బియ్యం ఇవ్వకూడదట,
ఇస్తే షావుకారుకి జరిమానా.
ఆయన రెండుసార్లు చదివి, మడతపెట్టి
నా చొక్కా జేబులో పెట్టాడు.
మస్టరు రాసేది నేనే కదా.

ముప్పై రెండో పేరు షెఫాలి.
ఇంటిపేరు గడి మూడేళ్లుగా ఖాళీ.
ఏ దేశమమ్మా అంటే ఓ నది పేరు చెబుతుంది.
ఊరిని తినేసిందట,
తిన్నాక ఏ ఒడ్డున ఉమ్మిందో తనకీ తెలీదట.
తెలుగులో ఆమె నేర్చింది కొంచెమే:
గుడ్డు, బద్ద, నూక,
శనివారం.

అంగన్‌వాడీలో ఆమె కొడుక్కి కోడిగుడ్డు ఆగిపోయింది.
ఆ ఒక్క పళ్లేన్ని టీచరు ఎలా దాటి వెళ్లిందో
నేను అడగలేదు.
ఎర్ర పెన్ను కొనాలని బజారుకి వెళ్లాను,
జేబులో ఒకటి ఉండగానే.

మంగళవారం వేలిముద్రల మిషను వచ్చింది.
షెఫాలి వేలు పెట్టింది. ఎర్ర దీపం.
వెనకే బచ్చల దాలమ్మ,
మొగిలిపాడులో పుట్టి మొగిలిపాడులోనే మనువాడి
ఇచ్ఛాపురం కూడా దాటని మనిషి.
ఆమెకీ ఎర్ర దీపమే.
బొటనవేలు, చూపుడువేలు,
కొంగుకి తుడుచుకుని మళ్లీ.
పాతికేళ్ల జీడి చమురు గీతలన్నీ తినేసింది.
"ఏటి బావూ, నాను నాను కాదేటి?"
మిషను కుర్రాడు నవ్వి
"లోకలే కదండీ, టిక్ పెట్టెయ్యండి" అన్నాడు.
ఎలా తెలుసన్నాను.
"మాటలో తెలిసిపోద్ది."

మా తాత బారువా రేవులో ఓడెక్కి
రంగూన్‌లో బస్తాలు మోశాడు.
అక్కడ ఆయన్ని "కోరంగీ" అని పిలిచేవారట.
ఆయన కోరంగి చూడనేలేదు.

ముప్పై రెండు మీద గీత గీశాను.
స్కేలు పెట్టి.

ఆ వారం నుంచి దాలమ్మ ఇంటికి పట్టుకెళ్లే పప్పు పెరిగింది.
రోజుకి ఎనిమిది కిలోల పొట్టు తీసే చేతులు
పదహారు తీస్తున్నాయి.
షావుకారు పద్దు చూశాడు, నన్ను చూశాడు,
టీ తెప్పించుకున్నాడు.
చేతులు ఆయనకి ఎప్పుడూ అడ్డం కాదు.

శనివారం కూలి లెక్కపెట్టి ఇచ్చాను.
దాలమ్మ అక్కడే, నా బల్ల ముందే
నోట్లు రెండు వాటాలు చేసింది.
కొంగుకి ఒక ముడి.
ఈ చివర ఇంకొకటి.