ఒత్తు

బడికి పోయింది మూడు నెలలే.
అక్షరాలన్నీ నాకు కేకుల మీద దొరికినయి.

శ అంటే శిరీష,
అరకిలో పైనాపిల్, మీద చెర్రీలు వద్దన్నరు.
ళ కళావతి టీచరమ్మది.
ఓ ఎక్కడా తగల్లేదు చానా ఏండ్లు,
బాయి దిగుడు బందైన దినం
ఓదెలన్న దోస్తులు తెచ్చేదాక.

చిట్టీ మీద రాసుకొస్తరు.
నేను చదువ, చూస్త.
ముగ్గేసినట్టు కోను ఒత్తుకుంట పోత.

మందమర్రిల రాత్రి షిఫ్టు దిగినోళ్ళు
చేతులు కడగకనే బన్ను పట్టుకుంటరు.
తెల్లటి బన్ను మీద నల్లటి వేలిముద్రలు.
అది మాత్రం నాకు చదవొస్తది.

మొన్న ఒకాయన "ప్రజ్ఞ" తెచ్చిండు.
జ కింద ఏదో ఉన్నది,
తోక మడిచిన తేలు లెక్క.
ఒకసారి గోకేసిన. రెండోసారీ గోకేసిన.
ఆ పోరి స్టూలెక్కి
నా వేళ్ళ మీద వేళ్ళు పెట్టి
"గట్టిగ కాదు తాతా,
మెల్లగ ఒత్తు" అన్నది.

గోకిన క్రీము సందుల పిల్లికేసిన.
రెండు తప్పు ప్రజ్ఞలు తిని
అది మూతి నాక్కుంట పోయింది.

నాకే నిద్ర రాలే.
బల్ల మీద మైదా పరిచి
వేలుతోని జ్ఞ, జ్ఞ, జ్ఞ,
అంచు దాక.

బట్టీ కాగింది. ఆరింటికి షిఫ్టోళ్ళొస్తరు.
నీళ్ళు పోసి
అదంత కలిపి పిసికిన.