సున్నాల గడి

శుక్రవారం, అసర్ నమాజు అయ్యాక
అజ్మాన్ ఖోర్ గట్టు మీద మనుషులు వాలతారు.
తలా ఒక బకెట్టు, ఒక మడత కుర్చీ,
ఆరు రోజులుగా దాచుకున్న ఒక సాయంత్రం.
నా దగ్గర క్లిప్పు అట్ట, పెన్సిలు, చెక్క కొలబద్ద,
మెడలో, ఫోటో సరిగా రాని కార్డు.
"రెండే నిమిషాలు" అంటాను నాలుగు భాషల్లో.
నాలుగింటిలోనూ ఒకటే అనుమానం:
జరిమానా రాసే మనిషేమో ఈమె.

ఎన్నింటికొచ్చారు? ఎన్ని గాలాలు?
ఎర రొయ్యా, రొట్టె పిండా?
ఏం పడింది? తిరిగి నీళ్లలో వదిలినవెన్ని?

పొడుగు మాత్రం అడక్కూడదు, కొలవాలి.
అడిగితే సాఫీ చేప మోచేతి దాకా పెరుగుతుంది,
జారిపోయిన హమూర్ అయితే భుజం దాటిపోతుంది.
రోడెల్ తన చేపని తనే కొలబద్ద మీద పడుకోబెడతాడు,
తోక సర్ది, చొక్కాకి ఇస్త్రీ చేస్తున్నట్టు.
షేరీ, ఇరవై రెండు. రాసుకున్నాను.
కాసర్‌గోడ్ మొయిదు గారు ఫ్లాస్కులో టీ పోసిచ్చి
ప్రశ్నలు ఆయనే అడుగుతారు:
"నువ్వెప్పుడైనా పట్టావా?"

పట్టాను. భైరవపాలెంలో, పాయ సముద్రంలో కలిసేచోట.
ఇక్కడి బియాహ్ మా కొయ్యింగే.
దాన్ని జానతో, పండుగప్పని మూరతో కొలిచిన ఇల్లు మాది.
ఏమీ పడని రోజు ఏమీ పడలేదని అనకూడదు,
'వల కడుక్కొచ్చాం' అనాలి.
ఆ మాట విని అమ్మ
నానేసిన చింతపండు గిన్నె పక్కకి జరిపేది.

మా అధికారి బస్రా మనిషి. మొదటి రోజే చెప్పాడు:
"ఖాళీ బకెట్ల దగ్గరికి ముందు వెళ్లు.
చేప దొరికినవాడు వాడే పిలుస్తాడు.
దొరకనివాణ్ణి వదిలేశావా,
కాగితం నిండా చేపలే ఉంటాయి, నీళ్లలో ఉండవు."

గట్టు చివర, ఆఖరి దీపస్తంభం కింద గంగరాజం,
జగిత్యాల వైపు మనిషి, క్రేను ఆపరేటరు.
పదకొండు శుక్రవారాలు, పదకొండు సున్నాలు.
నన్ను చూడగానే బకెట్టు మీద తువ్వాల కప్పుతాడు.
"మల్ల అచ్చినవా చెల్లె? గుండుసున్న రాయకు.
ఊకె కూసున్నడని రాయి."
దానికి గడి లేదన్నా.
"మరి గీ సున్నలన్ని ఏం జేస్తరు?"

చెప్పాను.
అందరి చేపలూ కలుపుతారు, అందరి గంటలూ కలుపుతారు,
వాటిని వీటితో భాగిస్తారు.
నువ్వు కూర్చున్న నాలుగు గంటలూ గీత కింద పడతాయి.
అవి లేకపోతే పైనున్న చేపలు అబద్ధమాడతాయి.

చాలాసేపు నీళ్లకేసి చూశాడు.
"అంటె నేను పట్టనియి సుత లెక్కల్నే ఉంటయన్నట్టు."
తువ్వాల తీశాడు.
బకెట్లో నీళ్లు, నీళ్లలో వణుకుతూ దీపం.
తర్వాత దారం చుట్టి, గాలం నా అరచేతిలో పెట్టాడు.

ఎర లేదు.
తినేసిన గుర్తూ లేదు, నీచు వాసన లేదు.
కొట్టులో కొన్నప్పటి మెరుపు అట్లాగే ఉంది.
పదకొండు సార్లూ 'రొయ్య' అని చెప్పిన మనిషి.

"వారమంత గదే పని చెల్లె,
ఎనబై మీటర్ల కెల్లి కొక్కెం దించుడు, ఎత్తుడు.
ఏదో ఒకటి ఏలాడుతనే ఉంటది.
గీ ఒక్క పూట
కొక్కేనికి ఏం తగలకుంటె మంచిగనిపిస్తది."

నేనేమీ అనలేదు.
రోడెల్ వైపు నుంచి కేరింత, ఎవరికో ఏదో పడ్డట్టుంది.
బస్ స్టాపు బెంచీ మీద కూర్చుని
పదకొండు వరుసలూ ఒక్కొక్కటే కొట్టేశాను,
చివరి గడిలో తెలుగులో రాశాను:
వల కడుక్కున్నాడు.

ఆదివారం మా అధికారి ఆ గీతల మీద వేలు పెట్టి
ఇదేమిటన్నాడు.
ఎర లేదండీ, అన్నాను.
తలూపి, మొత్తంలోంచి నలభై నాలుగు గంటలు తీసేశాడు.
ఖోర్‌లో చేపలు
కొద్దిగా పెరిగాయి.