మిగిలిన సున్నం

నవంబరు రెండు. మర్రిగూడ బొందలగడ్డల
తుమ్మకంప కొట్టి తొవ్వ జేసినం.

మా శౌరమ్మత్త
బోరునీళ్లకు ఎముకలు వంగి
ఇరవై ఏండ్లు నేలనే చూసుకుంట నడిచింది.
పోయిననాడు
పెట్టె మూత సక్కగ పడలే.
సమాధి మాత్రం సాపుగ గట్టిండు మేస్త్రీ.

సున్నమేసిన. బంతిపూలు పెట్టిన.
ఇష్టమని ఒక తమలపాకు, ఇంత వక్క.

బకెట్ల అడుగున సున్నం మిగిలింది.
పక్క సమాధికి ఎవ్వలు రాక మూడేండ్లాయె.
పేరుల "ఇన్నా" వరకే ఉన్నది,
ఇన్నయ్యనో, ఇన్నాసమ్మనో.

"ఎవ్వలమ్మా?" అన్నది నా బిడ్డ.
"ఏమో. కుంచె ఇటియ్యి."

చీకటి పడంగ గాలి లేసింది,
అత్త కొవ్వొత్తి ఆరింది.
అగ్గిపెట్టెల పుల్లల్లేవు.
పక్కదానికే వంచి
మల్ల ముట్టిచ్చుకున్నం.