కారణం అనే గడి

మా ఊళ్ళో వసంతమంటే పువ్వులు కాదు, గాలి.
సెప్టెంబరు రాగానే మున్సిపాలిటీ వాళ్ళు
కూడళ్ళ దగ్గర తాళ్ళు కడతారు.
వాటిని పట్టుకుని జనం రోడ్డు దాటుతారు,
ముసలీ ముతకా, పిల్లా జెల్లా, ఒకసారి బిషప్పు కూడా,
ఒక చేత్తో టోపీ, ఒక చేత్తో తాడు.
తాడు గాలిని ఆపదు.
ఆపుతుందని ఎవరూ అనుకోరు.

పుంతా అరేనాస్‌లో, జలసంధికి రెండు వీధుల ఇవతల,
బడి గేటు పక్కన గాజు గదిలో
ఇరవై రెండేళ్ళుగా ఆలస్యం చీటీలు రాస్తున్నాను.
పేరు, తరగతి, గంట, కారణం.
కారణం గడి బొటనవేలంత ఉంటుంది.
బస్సు అంటే పడుతుంది. నిద్ర అంటే పడుతుంది.
అమ్మా నాన్నా రాత్రంతా అరుచుకున్నారంటే పట్టదు.
అలాంటివన్నీ గాలి అని రాస్తాను.
లెక్కలు చూసే ఆయన ఒక ఏడు అడిగాడు:
నోల్ఫా గారూ, జూన్‌లో కూడా ఇంత గాలేమిటి?
వీచింది సార్, అన్నాను.

యెర్కో బర్రియా, పదో తరగతి బి.
ఆ నెలలో పదకొండోసారి.
ఇదివరకు నా రబ్బరు స్టాంపు లాక్కుని
నుదుటి మీద గుద్దుకుని
పుట్టడమే ఆలస్యంగా పుట్టాను అనేవాడు.
ఆ రోజు చీటీ కోసం చెయ్యి కూడా చాచలేదు.
జోళ్ళు తడి. వాన లేదు.

ఎక్కడ్నుంచిరా?
నీళ్ళ దగ్గర్నుంచి.
ఏం చేస్తున్నావక్కడ?
పోర్వెనీర్ పడవ వెళ్తుంటే చూస్తున్నా.
మా భాషలో పోర్వెనీర్ అంటే రాబోయే కాలం;
ఆవలి గట్టున ఒక ఊరికి ఆ పేరు పెట్టారు.
పడవ ఎనిమిదిన్నరకే పోయింది కదరా, ఇప్పుడు పదిన్నర.
ఏమీ అనలేదు.

మాకు సైకాలజిస్టు ఉంది. మంచి పిల్ల.
మంగళవారాలు మావి, మిగతావి ఇంకో మూడు బళ్ళవి.
ఆ రోజు గురువారం.
గోడ మీద పోస్టరుంది, నీ మనసు మాకు ముఖ్యం అని.
ఒక మూల జిగురు ఊడి
తలుపు తీసినప్పుడల్లా కొట్టుకుంటుంది.

నాకు పెద్ద చదువు లేదు.
ఒక మధ్యాహ్నం చల్లారిన కాఫీతో ఇచ్చిన శిక్షణ ఉంది.
అందులో ఒక్కటే గుర్తు:
లేని ఆలోచన అడిగితే పుట్టదు,
ఉన్నది అడక్కపోతే పోదు.

స్టాంపు పక్కన పెట్టాను.
చచ్చిపోవాలనిపిస్తోందా, యెర్కో?
పాలు కావాలా అన్నట్టు అడిగాను.
మోకాళ్ళు వణికాయి. బల్ల అడ్డం, వాడికి కనబడదు.

చాలాసేపు స్టాప్లర్ని చూశాడు.
రోజూ కాదు, అన్నాడు.

రోజూ కాదు.
ఆ మాట ఏ గడిలో పడుతుంది?

నాకున్నది ఒకటే కుర్చీ. వాడికిచ్చి
నిలబడే ఫోన్లు చేశాను.
ఆ పిల్ల నలభై నిమిషాల్లో వస్తానంది.
ప్రిన్సిపాలు వచ్చి, గేటెవరు చూస్తారని అడిగాడు.
మీరు, అన్నాను.
పాపం, చూశాడు. మఫ్లరు చుట్టుకుని
రెండు పీరియడ్లు చీటీలు రాశాడు, సగం పేర్లు తప్పులతో.
మేమిద్దరం పాత చీటీలు నూరేసి కట్టలు కట్టాం.
ఒక కట్టలో తనది దొరికితే పక్కన పెట్టాడు,
మళ్ళీ కట్టలో కలిపేశాడు.

పీతల ఫ్యాక్టరీ నుంచి తల్లి వచ్చింది,
రబ్బరు బూట్లయినా మార్చుకోకుండా.
వచ్చీ రాగానే వాడి చెవి పట్టుకుంది.
మెలిపెడుతుందనుకున్నాను.
ఊరికే పట్టుకుంది. వదల్లేదు.

తర్వాతేమైందంటే, మంగళవారాలు వెళ్తున్నాడు.
వెళ్ళని మంగళవారాలు ఆ పిల్లే తరగతి దాకా పోతుంది.
నా గదికి రెండో కుర్చీ వచ్చింది, ఒక కాలు పొట్టి.
దాని కింద చీటీల కట్ట పెట్టాను.

నిన్న మళ్ళీ ఆలస్యం.
నా చేతిలో పెన్ను లాక్కుని
కారణం గడిలో తనే రాశాడు.
గడి దాటి, అంచు దాకా పోయి,
చీటీ తిప్పి వెనక కూడా.
గాలి అని కాదని మాత్రం దూరం నుంచే తెలిసింది.
గేటు దగ్గర ఇంకో ముగ్గురు చలికి గెంతుతున్నారు.
ఆగండర్రా అని,
కళ్ళజోడు తుడుచుకుని చదవడానికి కూర్చున్నాను.