రుతూబా

షార్జా, ఇండస్ట్రియల్ ఏరియా పదకొండు.
టైర్ల దుకాణం మీద, మెట్లకు రెయిలింగు లేని గది.
ఏసీ ఆపుతందుకు నన్ను పిలిచిన్రు,
బాగుచేస్తందుకు గాదు, ఆపుతందుకు.
పద్దెనిమిదేండ్ల నౌకరీల ఇసొంటి కంప్లైంటు ఇదే మొదలు.

"మైకులల్ల దాని గుర్రు పడుతున్నది భాయ్" అన్నడు రోడెల్,
ఎనిమిది తంతుల గిటారు ఒళ్లె వెట్టుకొని,
పసిపిల్లకు గోర్లు తీస్తున్నట్టు.
బయట ఆగస్టు. నలభై ఏడు.
పాట పదకొండు నిమిషాలు.

మొదటి ఆల్బం ఫోన్ల వినిపిచ్చిన్రు, సులేమానీ తాగుకుంట.
నేనేం అనలే.
ఉన్న సరుకంత ఒక్కపారే తొవ్వ మీద పరిచిన
కొత్త దుకాణం లెక్కుండె.
ఎవ్వని చెయ్యి ఎంత ఉరుకుతదో తెలిసింది,
ఎటు ఉరుకుతదో తెలువలే.
డ్రమ్ముల ఎనుక షెహ్రూజ్ నా మొకం జూసి నవ్విండు:
"అప్పుడు మాకు ఇరవై రెండేండ్లు."

ఇది రెండోది. పేరు రుతూబా.
అంటే గాలిల తేమ.
అంగి విప్పినా విడువనిది.

ఆపిన.
మోటరు ఆఖరి చుట్టు తిరిగేదాక వేలు ఎత్తిపట్టిన.
దించిన.

షెహ్రూజ్ కాలు నాలుగు నడుస్తది, చేతులు ఏడు నడుస్తయి.
ఒకటొకటి ఎరుగనట్టే పోయి
ఇరవై ఎనిమిది దాటినంక
మళ్ల ఒక్కకాడ అడుగువెడుతయి.
నాకు సంగీతం రాదు గని ఇది ఎరుకే.
సిరిసిల్ల బీవై నగర్ల
మా నాయిన నడిపిన ఎనిమిది సాంచాలల్ల
ఏ రెండూ కలిసి అడుగెయ్యకపోతుండె.
ఎప్పుడో ఒక్క రాత్రి ఎనిమిది నాడెలు ఒక్కపారే తాకితే
దిగ్గున లేచి కూసుంటుంటి,
చప్పుడుకు గాదు,
చప్పుడు ఒక్కటైనందుకు.

బేసు పట్టుకున్న దినూష
నాలుగు నిమిషాలు ఒక్క స్వరం మీద్నే నిలవడ్డది.
మొదటి ఆల్బంల ఆమె వేళ్లు ఎట్ల వారినయో విన్న గద!
పని రానోడు ఊకుంటే ఊకున్నట్టే ఉంటది.
వచ్చినోళ్లు ఊకుంటే
ఇల్లు పిల్లర్ల మీద నిలవడ్డట్టుంటది.

ముహన్నద్, కంకర లారీ ఒంపినట్టు ఒర్రెటోడు,
ఈసారి తక్కువ గొంతుతోని చెప్పుకుంట వోయిండు:
వాళ్ల ముత్తాత ముత్యాల పడవ,
ముక్కుకు పిన్ను, నడుముకు తాడు,
నీళ్ల బరువుకు పగిలిన చెవి.
చెవి పగిలినకాడ ఒక్కటే ఒర్రుడు.
రోడెల్ అక్కడ తంతి ముట్టలే.
గటార్ల ఉరిమే మనిషి, చెయ్యి అడ్డంబెట్టి తంతుల ఆపిండు.
నా ముంజేతి ఎంటికలు లేచి నిలవడ్డయి.

ఐదు సార్లు చెడింది.
ఆరోసారి, పదో నిమిషం మీద,
చెమటకు షెహ్రూజ్ కుడిచేతి కర్ర జారింది.
నేల మీద టక్ మన్నది.
ఎవ్వరూ తల ఎత్తలే.
ఎడమచెయ్యి ఏడింటినీ ఒక్కతే మోసుకొచ్చింది ఒడ్డుకు.

అయిపోయినంక శానసేపు ఎవ్వరు మాట్లాడలే.
"ఏసీ ఎయ్యనా?" అన్న.
"ఆగు భాయ్" అన్నది దినూష. "ఇంకో గడియ."

డిసెంబర్ల లింకు పంపిన్రు.
అజ్మాన్ల చిల్లర్ పని ఒడిశి, వ్యాన్ల ఒక్కన్నే కూసొని పెట్టిన.
పదో నిమిషం కాడ,
టక్.
తీసెయ్యలే వాళ్లు.

వ్యాన్ల ఏసీ బందువెట్టి
మళ్ల మొదటికెళ్లి పెట్టిన.