అవతలి ఒడ్డున ఒక పడవ

వంటింటి బల్ల మీద సారెక్‌ని పరిచాం.
మడతలు లేవకుండా మూలమూలకీ ఓ బరువు:
కాఫీ డబ్బా, ఉప్పు సీసా, స్టవ్ బర్నరు,
నాలుగో మూలకి హెడ్విగ్ మోచెయ్యి.
ఆమె మోకాలు మాత్రం పక్క కుర్చీ మీద, పట్టీలో,
తీర్పు విన్న ముద్దాయిలా.

ఈ ఏడు నేనొక్కదాన్నే.
దారి గీసేది మాత్రం ఆమే.

పెన్సిలు చెక్కుకుని కూర్చుంది,
కాలిలోని ఆశంతా వేళ్ళకెక్కినట్టు.
"ఇక్కడ పక్కకి తిరుగు. ఈ గుట్ట ఎక్కితే
పెద్దకొమ్ముల దుప్పులు మేసే లోయంతా కనిపిస్తుంది."
"మూడు గంటలు ఎక్కువ పడుతుంది."
"వేలెడంతేగా!"

నిజమే, మ్యాప్ మీద వేలెడు.
నేల మీద ఏడు కిలోమీటర్లు,
సగం విల్లో పొదలు, సగం ఊబి,
అడుగు పడ్డాక గానీ ఏ సగమో తెలియదు.
అక్కడ బాట లేదు, గుర్తు రాళ్ళు లేవు,
రాత్రికి తట్టడానికి తలుపు లేదు.
గోధుమరంగు గీతలే దిక్కు:
ఎడంగా ఉంటే నడక,
దగ్గరైతే ఆయాసం,
ఒకదాన్నొకటి రాసుకుంటే
వచ్చిన దారినే వెనక్కి.

నా ఏడు రోజుల్నీ వంటింటి త్రాసు మీద పెట్టాను.
ఓట్స్, జున్ను, చాక్లెట్, ఎండబెట్టిన రెయిన్‌డీర్ మాంసం,
కంసాలి గురిగింజలెంచినట్టు ఎంచాను.
టూత్‌బ్రష్ పిడి విరిచేశాను.
పుస్తకం పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి,
చివరికి చదవని పేజీలు మాత్రం చింపి దాచుకున్నాను.

డేరా దగ్గర ఇద్దరం ఆగాం.
పదకొండేళ్ళుగా గుడ్డ నాది, కడ్డీలు ఆమెవి.
ఇప్పుడు రెండూ నా సంచికే.
కడ్డీలు నాలుగు వందల ఎనభై గ్రాములు.
"ఇంతేనా?" అంది హెడ్విగ్.
"ఇన్నేళ్ళూ దీనికా నేనంత మూలిగింది!"

సాయంత్రం పక్కింటి బియెరా వచ్చాడు.
వేసవంతా రెయిన్‌డీర్ల వెనక తిరిగిన మనిషి,
చెవిలో ఇంకా గాలి మోగుతున్నట్టు గట్టిగా మాట్లాడతాడు.
నీలం గీత మీద మేం పెట్టిన ఇంటూ గుర్తు చూశాడు.
"ఎక్కడ దాటాలో రాసుకున్నారు. ఎప్పుడో?"
ఎండకి పగలంతా పైన మంచు కరుగుతుంది,
మధ్యాహ్నం నడుముకొచ్చే నీళ్ళు
తెల్లారుజామున మోకాలికి దిగుతాయి.
"మా అమ్మ ఏటికి గంటలతో పేర్లు పెట్టేది,
నాలుగింటి ఏరు, తొమ్మిదింటి ఏరు అని."

ఇంటూ పక్కన నాలుగు వేశాను.
దాంతో నాలుగో రాత్రి డేరా ఏటి ఇవతలే ఆగిపోయింది,
దాని వెంట ఐదో రాత్రి, ఆరో రాత్రి కదిలాయి,
స్వెటరులో ఒక పోగు లాగినట్టు.
ఊడి వచ్చింది హెడ్విగ్ గుట్ట.
ఆమె ఏమీ అనలేదు, రబ్బరు నాకందించింది.
చెరిపాను.
కాగితం మీద గాడి మిగిలింది,
వేలితో తడిమితే తగిలేంత.

ఆఖరి రోజు లైతౌరె సరస్సు.
తెడ్డు మనమే వెయ్యాలి.
ఏ ఒడ్డునైనా ఒక్క పడవైనా ఉండి తీరాలని అక్కడి కట్టుబాటు.
నేను చేరేసరికి ఇవతల ఒక్కటే ఉంటే
దాంట్లో అవతలికి పోయి,
అక్కడి ఇంకో పడవని వెనక కట్టుకుని వచ్చి,
ఒకదాన్ని వదిలి,
మళ్ళీ అవతలికి.
ఒక్క సరస్సుని ముమ్మారు,
ముఖం తెలియని, వస్తాడో రాడో తెలియని మనిషి కోసం.
ఏరు దాటాక తెప్ప తగలేసే లోకం సంగతి
ఈ నీళ్ళకింకా ఎవరూ చెప్పినట్టు లేదు.

"మూడుసార్లకి ఎంతసేపు?"
"గాలి లేకపోతే మూడు గంటలు," అన్నాడు బియెరా.
"నా గుట్టకీ అంతే," అంది హెడ్విగ్,
కాఫీ కప్పులోకి చూస్తూ.

పడుకునే ముందు ఫ్రిజ్ మీద కాగితం అంటించాను:
బుధవారం రాత్రి పదికల్లా నా ఫోను రాకపోతే
ఈ నంబరుకి చెప్పు.

తెల్లారి చూస్తే
బుధవారం కొట్టేసి ఉంది.
పైన హెడ్విగ్ దస్తూరీ, గురువారం.

సంచిని మళ్ళీ తూచాను.
రాత్రికన్నా నూట ఇరవై గ్రాములు ఎక్కువ.
విప్పి చూడలేదు.
బస్సు ఆరింటికి.