గ్లాసు అడుగున

రాత్రంతా వాన.
తెల్లారి రెక్క కింద మీట నొక్కి
పెట్రోలు గ్లాసులోకి పట్టాలి, ఎండకెత్తి చూడాలి.
పైన నీలం. నీళ్ళుంటే అడుగున
చేపకన్నులా వేరుగా కూర్చుంటాయి.
నా ఉద్యోగం అదే. ఇరవై రెండేళ్ళుగా అదే.

ఆ రోజు పట్టలేదు.
ఓనరు గారికి తొందర, రన్‌వే మీద మేకలు,
మేకల వెనక నేను.

చీపురుపల్లి అవతల
మాంగనీసు కంపెనీ వారి ఎర్రమట్టి బాట అది.
చివర ముళ్ళకంచె. కంచె దాటితే
మీసాల అప్పలనరసమ్మ గోగు చేను,
నిలువెత్తు, పువ్వుకొచ్చి.

లేచింది. చక్రాల కింద వెలుగు కనబడింది.
తాటిచెట్టంత ఎత్తుకి వెళ్ళిందో లేదో
రెండుసార్లు దగ్గింది.
ఆ తర్వాత మేకల మెడగంటలు వినబడ్డాయి.
ముందున్న ఫంకా రెక్కలు
దేనికది విడిగా, లెక్కపెట్టేలా కనబడ్డాయి.

వెనక్కి తిరగాలనిపిస్తుంది ఎవరికైనా.
వెనకే కదా నేల, నున్నగా, మనదిగా.
కెప్టెన్ దేవసహాయం గారు ఎప్పుడో టీ తాగుతూ అన్నాడు:
"తిరిగితే రెక్క వాలుతుంది. వాలితే ఇక రాయే."
ముక్కు దించాడు.
ఉన్న కాస్త ఎత్తునీ
నెలాఖరు చిల్లరలా చూసి చూసి ఖర్చుపెట్టాడు.
కంచె దాటింది.
గోగు మింగింది.

నేను చేరేసరికి ఓనరు గారికి ఒక చెప్పు లేదు,
జుట్టునిండా పసుప్పచ్చ పూరేకులు.
కెప్టెన్ స్విచ్చులు ఒక్కొక్కటే ఆపుతున్నాడు
ఎప్పుడో ఆగిపోయిన ఇంజనుకి.

అప్పలనరసమ్మ కొడవలితోనే వచ్చింది.
"బతికినారా?" అంది.
చేను చూసుకుంది. "ఎన్ని సెంట్లు పోనాయో కొలవండి."
ఓనరు ఇచ్చిన నోట్లు లెక్కపెట్టి సగం తిరిగిచ్చేసింది.
"ఇరిగిన గోగైనా గెడ్డలో నానేస్తే నారే అవతాది.
పోనాదానికే తీసుకుంటాను బాబూ."

కార్బరేటరు విప్పింది నేనే.
గిన్నె అడుగున నీళ్ళు, చెంచాడు కూడా లేవు.
కెప్టెన్ చూశాడు. గ్లాసు తీసి నా చేతికిచ్చాడు.
ఏమీ అనలేదు.
ఇన్నేళ్ళయినా అంటూనే ఉన్నాడు.

రెక్కల్ని నేలకి కట్టడానికి ఆ ఏడు
అప్పలనరసమ్మ దగ్గరే తాడు కొన్నాను.
వాన పడితే గోగుతాడు తడిసి బిగుస్తుంది.
కిర్రుమంటుంది.
లాంతరు పట్టుకుని వెళ్ళి
ముడి తడిమి చూసి
కాసేపు అక్కడే నిలబడతాను.